గజేంద్రుడు పిలిచిన దెవరిని?

గత సంవత్సరము తరగతిలో గజేంద్రమోక్షణ కథ చెప్పుచుండగా, వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, “సార్, ఏనుగు ఫలానా దేవుడని పేరు పెట్టి పిలువలేదు గదా, మఱి విష్ణుమూర్తే ఎందుకు వచ్చినాడు?” అని యడిగినది. ఇరువది సంవత్సరములుగా నేనీ పాఠము చెప్పుచున్నాను. పద్యములకు ప్రతిపదార్థము చెప్పితిని, అలంకారములు చూపితిని, గణములు కట్టించితిని. ఈ ప్రశ్న మాత్రము నాకెన్నడును తోచలేదు. ఆనాడు గంట మ్రోగుటచేత నా గౌరవము దక్కినది.

ఇంటికి వచ్చి, సంస్కృత భాగవతమును పోతన భాగవతమును ప్రక్కప్రక్కన పెట్టుకొని, అష్టమస్కంధములోని ఆ ఘట్టమును మరల చదివితిని. బాలిక ప్రశ్నకు మూలకర్తయు, తెనుగు చేసిన కవియు నిద్దఱును స్పష్టముగా సమాధానము చెప్పియే యున్నారు. మనమే వినలేదు. ఆ సమాధానమును చదువరుల యెదుట పెట్టుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. ఇది సాహిత్యవిషయమే యైనను సాహిత్యముతో ముగియునది కాదు.

మన భక్తిగ్రంథములు పరమేశ్వరుని వర్ణించు విధములు ప్రధానముగా రెండు. మొదటిది రూపవర్ణనము. మేనిచాయ, కట్టిన వస్త్రము, పట్టిన ఆయుధము, ఎక్కిన వాహనము, ప్రక్కనున్న దేవి, నివసించు లోకము, వీనిని చెప్పి యిట్టివాడు దేవుడని చూపుదురు. రెండవది నిషేధము. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు చూపిన త్రోవ యిది. ఇది కాదు, ఇది కాదు అని మాటకు అందిన ప్రతిదానిని తొలగించుచు, మాటకు అందనిదానిని సూచించుట యిందలి పద్ధతి. మన పండితులు ఈ రెంటికిని ఒక మెట్ల వరుసను కల్పించినారు. రూపము సామాన్యులకట, నిషేధము జ్ఞానులకట. భగవద్గీత పండ్రెండవ అధ్యాయమున అవ్యక్తోపాసనము దేహధారులకు కష్టతరమని చెప్పబడినది గదా యని దానిని ప్రమాణముగా చూపుదురు. గీత చెప్పినది సత్యమే. కాని కష్టమని చెప్పుట వేఱు, కొందఱికే యని చెప్పుట వేఱు. గీత మొదటి మాట చెప్పినది. రెండవ మాట మనము చేర్చుకొన్నాము.

ఈ మెట్ల వరుసను తలక్రిందులు చేయు కథ గజేంద్రమోక్షణము. భాగవతములోని నిషేధస్తుతులలో మిక్కిలి కఠినమైన వానిలో నొకటి యిందున్నది. దానిని చెప్పినవాడు ఋషి కాడు, బ్రహ్మ కాడు. కాలు మొసలినోట చిక్కిన యొక జంతువు.

కథ అందఱెఱిగినదే. త్రికూటపర్వతమునందలి సరస్సులో దిగిన గజరాజును మకరి పట్టుకొన్నది. వేయేండ్లు పోరు సాగినది. నీటిలోనిదానికి బలము పెరిగినది, నేలమీదిదానికి తఱిగినది. తోడి యేనుగులు విడిపింపజాలకపోయినవి. తన బలమును, తనవారి బలమును ముగిసిన పిమ్మట గజేంద్రుడు స్తుతి నారంభించెను. పూర్వజన్మమున ఇంద్రద్యుమ్నుడను పాండ్యరాజుగా నున్నప్పుడు అభ్యసించిన జపమిది యని సంస్కృతమూలము చెప్పుచున్నది. ఆ రాజు ధ్యానమందుండి అగస్త్యునకు మర్యాద చేయనందున ఏనుగు జన్మము పొందినాడు. రాజుగా జపించినప్పుడు రానిది ఏనుగుగా జపించినప్పుడు వచ్చినదన్న మాట. ఇది గమనింపదగినది.

ఆ స్తుతి నడక యెట్టిది? మొదటినుండియు దానిలో ప్రధానమైన పదము “ఎవడు” అనునది. సృష్టికి మొదలు నడుమ తుది యెవడో వాడు, ఈ సర్వము ఎవడో వాడు, సర్వమునకు వెలియైనవాడు ఎవడో వాడు, అని సర్వనామములతోనే స్తుతి సాగును. ఈశ్వరుడు, పురుషుడు, పరుడు వంటి పేరులు వచ్చును. కాని యవి పనిని గాని స్వభావమును గాని తెలుపు మాటలు. ఒక కులదైవమును గుర్తుపట్టించు పేరులు కావు. నడుమ నొకచోట నిషేధము పరాకాష్ఠ నందును. దేవజాతి, అసురజాతి, మనుష్యజాతి, పశుజాతి, స్త్రీత్వము, పురుషత్వము, ఆ రెండును కాని స్థితి, గుణము, కర్మము, ఉనికి, లేమి, ఒక్కొక్కటిగా అన్నిటిని కాదని త్రోసివేసి, మిగిలినదానిని మూలము నిషేధశేషమని పిలిచినది. వెనువెంటనే అశేషమను మాటను దానికి జోడించినది. అన్నిటిని తీసివేయగా మిగిలినది. ఏదియు మిగులకుండ అన్నియు తానైనది. పోతనయు ఈ భావమును ఏమాత్రము తగ్గింపక తెనిగించినాడు.

ఇచ్చట గ్రీకుకవి యొకడు జ్ఞప్తికి వచ్చును. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దిలో పుట్టిన జెనోఫనీసు తన దేశస్థుల దేవతలను పరిహసించుచు, ఎద్దులకును గుఱ్ఱములకును చేతులుండి బొమ్మలు గీయ నేర్చినయెడల, ఎద్దులు ఎద్దువంటి దేవుని, గుఱ్ఱములు గుఱ్ఱమువంటి దేవుని గీయునని చెప్పినాడు. మనుష్యులు తమ పోలికనే దేవునికి కల్పించుకొందురని అతని యభిప్రాయము. మన గజేంద్రుడు ఆ పరిహాసమునకు చిక్కలేదు. ప్రాణము పోవు వేళ సహితము అతడు తన దేవుని మహాగజముగా భావించుకొనలేదు. ఏనుగులకు మాత్రమే దిక్కైన దేవుని కోరలేదు. జెనోఫనీసు మనుష్యులయందు కానలేని వివేకమును మన పురాణకర్త ఒక యేనుగునోట పలికించినాడు.

స్తుతి ముగిసినది. తరువాత నేమి జరిగినది? మనము కథ చెప్పునప్పుడు వెంటనే విష్ణువు పఱుగెత్తి వచ్చెనందుము. గ్రంథములో నట్లు లేదు. మొదట ఎవరు రాలేదో చెప్పి, పిమ్మట వచ్చినవానిని చెప్పినది. గజేంద్రుడు ఏ విశేషమును పేర్కొనక వర్ణించుటచేత, తమ తమ వేర్వేఱు చిహ్నములయందు అభిమానముగల బ్రహ్మాదులు దగ్గఱకు రాలేదనియు, అప్పుడు సర్వదేవతలును తానేయైన హరి వచ్చెననియు సంస్కృత భాగవతము చెప్పుచున్నది. పోతన యీ కారణమును ఇంకను క్లుప్తముగా చెప్పినాడు. ఆ దేవతలకు లేనిది విశ్వమయత యట. అందుచేత వారు వినియు ఊరకున్నారట.

పోతన వాడిన “వినియు” అను మాట చిన్నదియే యైనను దాని బరువు చాల గొప్పది. పిలుపు వారి చెవి సోకలేదని కవి చెప్పలేదు. సోకినది. కాని అది తమది కాదని తోచినది. చిరునామా లేని యుత్తరమును ఏ యింటివాడును తనదిగా పుచ్చుకొనడు గదా! నా పేరు చెప్పలేదు, నా ఆయుధము చెప్పలేదు, నా వాహనము చెప్పలేదు, ఇది నన్నుద్దేశించినది కాదు, అని ప్రతివాడును తన స్థానమున కూర్చుండెను. పేరు లేని ఆ పిలుపు తనదే యని లేచినవా డొక్కడు.

కాబట్టి బాలిక ప్రశ్నకు సమాధానమిది. విష్ణువను పేరుగలవాడు గనుక ఆయన రాలేదు. చిహ్నమును విచారింపక వచ్చినవాడు గనుకనే అంతట వ్యాపించినవాడను అర్థముగల ఆ పేరు ఆయనకు చెల్లినది.

ఇందుకు ఆక్షేపణ కలదు. భాగవతము వైష్ణవపురాణమే గదా, బ్రహ్మాదులను తగ్గించి విష్ణువును హెచ్చించుటకే యీ మాట వ్రాసిరి గదా, అని యందురు. ఆ పక్షపాతము గ్రంథమున లేదని నేననను. పోతన స్తుతిలో సైతము, చివరి యార్తిలో, కమలాప్తుడను సంబోధన వినవచ్చును. అది లక్ష్మీపతిని స్ఫురింపజేయు మాటయే. కాని గ్రంథకర్త తన దేవుని హెచ్చించుటకు చెప్పిన కారణమును చూడవలెను. ఆయన బలవంతుడనియో, ఆయన లోకము పైదనియో చెప్పలేదు. తక్కినవారికి చిహ్నాభిమానము కలదు, ఆయనకు లేదు అని చెప్పినాడు. ఒకమాఱు ఈ కొలబద్దను ఒప్పుకొన్న పిమ్మట అది యెల్లవారికిని కొలబద్దయే. శంఖచక్రములను చూచి గర్వించు విష్ణువును కల్పించుకొని, ఆ విష్ణువు మావాడని మనము వాదించినయెడల, ఆ కల్పిత విష్ణువు కూడ సరస్సు గట్టునకు రానివారిలోనే చేరును.

పోతన జీవితమే యిందుకు సాక్ష్యము. పదునేనవ శతాబ్దిలో నేటి జనగామ జిల్లాలోని బమ్మెరలో పుట్టిన యీ కవి శైవుల యింటివాడు. భాగవతమునకు ముందు వీరభద్రవిజయము వ్రాసినాడు. చంద్రగ్రహణమునాడు నదిలో స్నానము చేసి మహేశ్వరుని ధ్యానించుచుండగా రాముడు కనబడి భాగవతమును తెనుగు చేయుమనెనని తన పీఠికలో తానే చెప్పుకొన్నాడు. ధ్యానించినది ఒకరిని, వచ్చినది మఱియొకరు. అది తనకు వింతగా తోచినట్లు కవి యెచ్చటను వ్రాయలేదు.

పోతన మూలమునకు చేర్చినవి రెండు విషయములు కలవు. రెండును ఈ విచారణకు ముఖ్యములు. మొదటిది సందేహము. దీనుల పాలిట నుండునందురు, యోగుల యెద నుండునందురు, అన్ని దిక్కుల నుండునందురు; కలడని యిందఱిచేత చెప్పబడువాడు నిజముగా కలడా లేడా యని పోతన గజేంద్రుడు సంశయించును. సంస్కృతస్తుతిలో ఈ సంశయమునకు చోటు లేదు. మన పెద్దలలో కొందఱు దీనిని క్షణికమైన దౌర్బల్యమని సరిపెట్టుదురు. నాకట్లు తోచదు. అన్నిటిని కాదనుచు పోవు త్రోవలో చివరకు “ఉన్నాడు” అను మాటను కూడ పట్టి చూడక తప్పదు. పోతన యా పని చేసినాడు. సందేహించుటచే ప్రార్థన చెడలేదు. సందేహించిన నోటనే మొఱ మరల బయలుదేఱినది. దానికే సమాధానము వచ్చినది. పిల్లవాడు దేవుడున్నాడా యని యడిగినంతనే నోరు మూయించు తల్లిదండ్రులు ఈ పద్యమును ముందు తాము చదువవలెను.

రెండవది రాకడ. మూలములో హరి గరుడు నెక్కి చక్రము ధరించి వచ్చును. పోతన మొదట వైకుంఠమును కట్టి చూపినాడు. ఏ నగరిలో, ఏ మేడకు ఏ ప్రక్కన, ఏ తోటలో, ఏ కొలను దాపున, ఏ పాన్పుమీద, ఎవరితో వినోదించుచు ఉన్నాడో గుర్తులతో చెప్పినాడు. అది రూపవర్ణనమున కొక యుదాహరణము. తరువాతి పద్యములో ఆ గుర్తులనన్నిటిని ఒక్కటొక్కటిగా తీసివేసినాడు. ఆ పద్యము రానివారు తెలుగునాట అరుదు గనుక ఉదాహరింపను. దేవికి చెప్పలేదు, రెండు చేతులకు శంఖచక్రములు తగిలించుకొనలేదు, పరివారమును పిలువలేదు, పక్షిరాజును సిద్ధపఱుపలేదు, జాఱిన ముంగురులు సవరించుకొనలేదు, చేత చిక్కియున్న దేవి చీరచెఱగునైనను విడువలేదు.

దీనిని గూర్చి యొక కథ జనులలో వాడుకలో నున్నది. శ్రీనాథుడు, ఆయుధము లేకుండ పోయి నీ దేవుడేమి చేయునని పోతనను ఎగతాళి చేసెనట. పోతన బావిలో నొక ఱాయి వేయించి, నీ బిడ్డ పడెనని కేక పెట్టించగా శ్రీనాథుడు వట్టిచేతులతో పఱుగెత్తెనట. కథ ముచ్చటైనదే, వాత్సల్యమువలని తొందరను చక్కగా తెలుపును. మనము బడులలోను సభలలోను ఇంతటితో తృప్తిపడుచున్నాము. కాని పద్యములో నున్నది తొందర మాత్రమే యైనయెడల, ఏనుగు స్తుతికిని ఈ రాకడకును సంబంధమేమి? పద్యపు నిర్మాణమును పరికింపుడు. అందులోని క్రియలన్నియు వ్యతిరేకార్థకములు. ఏనుగు చేసిన వర్ణనము “కాడు, కాదు” అని సాగినది. దేవుని రాకడ “చెప్పడు, పిలువడు” అను వరుసలో సాగినది. ఏనుగు మాటలలో ఏమేమి త్రోసివేసినదో, దేవుడు నడకలో దానిని త్రోసివేసినాడు. ఏ చిహ్నములనుబట్టి మనము గుడిలో ఆయనను గుర్తుపట్టుదుమో, ఏ చిహ్నములయందలి అభిమానముచేత తక్కిన దేవతలు ఆగిపోయిరో, ఆ చిహ్నములను విడిచిపెట్టి ఆయన లేచినాడు. పిలిచినవాడు నిర్విశేషముగా పిలిచినాడు. వచ్చినవాడు నిర్విశేషముగా బయలుదేఱినాడు. పోతన చేసినది అలంకారమాత్రము కాదు. మూలమందలి తత్త్వమునకు వ్యాఖ్యానము.

అట్లయిన చిహ్నములన్నియు వ్యర్థములా? కాదు. మఱుపద్యమున అవి యన్నియు వెంట వచ్చును. లక్ష్మి, ఆమె వెనుక అంతఃపురస్త్రీలు, వారి వెనుక గరుడుడు, విల్లు, గద, శంఖచక్రములు, నారదుడు, సేనాపతి, చివరకు వైకుంఠములోని పిన్న పెద్దలందఱును ఆయన వెనుక బారు తీర్చినారు. చక్రము తన పని తాను చేసినది. అనగా చిహ్నములకు చోటు కలదు. ఆ చోటు వెనుక. ముందు నడచునది కరుణ. ఈ వరుసను మార్చి, చిహ్నములను ముందు నిలిపి, అవి దాటి వచ్చినవారికే కరుణ యనుట గ్రంథమునకు విరుద్ధము.

మొసలి సంగతి కూడ మఱువరాదు. మూలములో హరి గరుడునిపైనుండి దిగి, ఏనుగును మొసలితో కూడ నీటినుండి గట్టునకు లాగినాడు. చక్రము తగిలిన పిమ్మట మొసలి దేవలుని శాపము తీఱి హూహూ అను గంధర్వుడైనది. మొఱపెట్టినవాడే కాక, ఎవనిమీద మొఱపెట్టబడెనో వాడును విడుదల పొందినాడు.

ఈ భావమొక్క గజేంద్రమోక్షణముననే కలదని యనుకొనరాదు. మన యిండ్లలో నిత్యము వినబడు విష్ణుసహస్రనామము సంగతి చూడుడు. ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు లోకమున ఏకైక దైవమెవరని యడుగగా భీష్ముడు వేయి పేరులు చెప్పెను. ఒక్కని అడిగినవానికి వేయి చెప్పుటలోనే, ఏ యొక్క పేరును చాలదను నిషేధము కలదు. ఆ వరుసలో మొదటి పేరు విశ్వము. శంఖము కాదు, చక్రము కాదు, వైకుంఠము కాదు. ఈ కనబడు సర్వము. అదే గ్రంథములో ఏకుడను పేరును కలదు, నైకుడను పేరును కలదు. సత్తును కలదు, అసత్తును కలదు. ఉదయము స్నానము చేసి విశ్వమను మాటతో నోరు తెఱచినవాడు, ఆ విశ్వములో ఎవరిని వెలుపల నుంచవలెనో మధ్యాహ్నము లెక్క వేయుచున్నాడన్న, అతడు మొదటి నామమువద్దనే తప్పిపోయినాడన్న మాట.

మఱునాడు తరగతిలో నేనీ సమాధానమును చెప్పితిని. ఆ బాలిక విని, కొంతసేపు ఆలోచించి, “అయితే విన్నా రానివాళ్లను కూడా దేవుళ్లని ఎందుకంటాము సార్?” అని మరల నడిగినది. పిల్లలు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. నాకొక సంగతి జ్ఞప్తికి వచ్చినది.

నేనుండునది అల్వాలులో. ఇక్కడి కుటుంబములు శనివారము పాత అల్వాలు వేంకటేశ్వరస్వామి దర్శనము చేసికొనును, శివరాత్రికి కీసరగుట్ట రామలింగేశ్వరుని యొద్దకు పోవును, ఆషాఢమున అమ్మవారికి బోనమెత్తును. ఒక్క యింటివారే యీ మూడును చేయుదురు. శైవవైష్ణవ వాదములతో వీరికి పని లేదు. దేవతల విషయమున మనవారు ఏనాడో విశ్వమయతకు చేరువైనారు. మనుష్యుల విషయముననే చేరువ కాలేదు.

రెండేండ్ల క్రిందట ఒక మిత్రుని యింట భాగవతపారాయణము జరిగినది. చదివినవాడను నేనే. ఆ యింట అంట్లు తోము స్త్రీ పని ముగించుకొని, గడపకు వెలుపల మెట్టుమీద కూర్చుండి వినుచుండెను. లోపల రెండు చాపలు ఖాళీగా నున్నవి. ఎవరును ఆమెను రావద్దనలేదు, ఎవరును రమ్మనలేదు. నేను చూచితిని, చూచియు పద్యము చదువుచుంటిని. నాడు చదివిన ఘట్టము గజేంద్రమోక్షణము. వినియు ఊరకున్నవారిని గూర్చిన పద్యమును రాగము తీసి చదివితిని. పారాయణము ముగిసి ప్రసాదము పంచునప్పుడు ఆమెకు గడపదాక తెచ్చి యిచ్చిరి. బాలిక రెండవ ప్రశ్న వేసినప్పుడు నా కన్నులయెదుట నిలిచినది ఆ మెట్టు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణముచేత అస్పృశ్యతను రద్దు చేసినది. చట్టము గుడి తలుపు తెఱువగలదు. ఇంటిలోని చాపను చూపి కూర్చుండుమని చెప్పజాలదు. ఆ పని మనది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల ద్వారా తనవారిలో జ్ఞానమును వ్యాపింపజేసినాడు. ఎవరిని గడపవెలుపల నుంచితిమో వారు ఆ దేవుని కథలనే చేతబట్టి తమ గౌరవమును తాము నిలుపుకొన్నారు. ఇది మనకు సిగ్గును, ఆశను ఒక్కసారిగా కలిగింపదగిన చరిత్ర.

ఇటీవలి యుదాహరణమొకటి కలదు. 2018 ఏప్రిలులో చిలుకూరు బాలాజీ దేవాలయ అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ ఒక దళితభక్తుని తన భుజములపై నెక్కించుకొని హైదరాబాదు జియాగూడలోని రంగనాథాలయములోనికి తీసికొనిపోయినాడు. శ్రీరంగమున ప్రవేశము లేక కావేరిగట్టున నిలిచి పాడుకొన్న తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజములపై మోసికొనిపోయిన పూర్వకథకు అది పునశ్చరణము. ఆ ఆళ్వారు స్వామిని పాదములనుండి కన్నులదాక పది పాశురములలో వర్ణించినాడు. అది నిషేధవర్ణనము కాదు, పరిపూర్ణమైన రూపవర్ణనము. ఏనుగు రూపమును త్రోసివేసి పిలిచినది. ఆళ్వారు రూపమును కన్నులార త్రాగినాడు. వర్ణించు విధములు రెండైనను వర్ణించినవా రిద్దఱును మన మెట్ల వరుసలో లెక్కకు రానివారే. రూపము సామాన్యులకు, నిషేధము జ్ఞానులకు అను విభాగము ఈ యిద్దఱియెదుట నిలువదు. భుజములపై మోయుట గొప్ప పనియే. కాని ఒకనాటి మోత కంటె, ప్రక్కప్రక్కన నడచి లోపలికి పోవుట నిత్యమైనప్పుడే ఆ కథ ఫలించినదగును.

చదువరులకు నా విన్నప మింతే. మీ యింట గజేంద్రమోక్షణము చదువునప్పుడు, వైకుంఠవర్ణనమునకు తొందరపడి దాటవేయక, ఏనుగు స్తుతిని అర్థముతో పూర్తిగ చదువుడు. దేవుడు వచ్చుటను చెప్పుటకు ముందు, ఎవరు రాలేదో, ఏల రాలేదో పిల్లలకు చెప్పుడు. వారు ప్రశ్న వేసినచో గంట మ్రోగువఱకు కాచుకొనకుడు. చదువ మొదలిడుటకు ముందు ఒకమాఱు లేచి గడపవైపు చూడుడు.

వచ్చు కార్తికమాసమున మా యింట పారాయణము చేయ నిశ్చయించితిమి. మెట్టుమీద కూర్చున్న ఆమెను నా భార్యయు నేనును పోయి పిలిచి వచ్చితిమి. ఆమె మొదట, “మేమెందుకు సార్, బయటనుంచి వింటాము” అన్నది. ఆ మాట ఆమెకు నేర్పినది మనమే. వచ్చెదనని చెప్పించుకొనుటకు మూడుమార్లు అడుగవలసి వచ్చినది. ఆమెకు చాప ముందువరుసలో వేయుదుము. స్తుతిని ఆమె వినునట్లు మొదటినుండి చదివెదను.